మా అమ్మ స్కూటర్ సిగ్నల్ దగ్గర ఎందుకు ఆగిపోయేది?

బండి పరుగెత్తడం అందరికీ కనిపిస్తుంది. అది నిలబడి ఉన్నప్పుడు లోపల ఇంజిన్ చేసే పని మాత్రం ఎవరూ పట్టించుకోరు. సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడుతుంది, మనం యాక్సిలరేటర్ వదిలేస్తాం, బండి కదలదు. అయినా ఇంజిన్ మెల్లగా తిరుగుతూ పచ్చలైటు కోసం మనతోపాటు కాచుకుని ఉంటుంది. దీన్ని ఇంగ్లీషులో ఐడ్లింగ్ అంటారు. మన మద్రాసు మెకానిక్కులు "స్లో" అంటారు. ఇంజిన్ అలా నిలబడకుండా ఆగిపోతుంటే "స్లోల నిక్కల" అని తమిళంలో రెండు మాటల్లో తేల్చేస్తారు. మా ఇంట్లో "స్లో నిలవడం లేదు" అంటాం. పోయిన ఏడాది వానలు వెలిసిన తరువాత మా అమ్మ స్కూటర్‌కు ఈ జబ్బే వచ్చింది. దాని కారణం ఎలా దొరికిందో, ఆ పది రోజుల్లో నేనేం నేర్చుకున్నానో ఈ వ్యాసంలో రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మాది పురసవాక్కం, తానా వీధికి దగ్గర్లో ఒక సందు. నాన్న హైరోడ్డులో ఒక బట్టల కొట్టులో సేల్స్‌మన్. పండగ రోజుల్లో ఆయన ఇంటికి వచ్చేసరికి రాత్రి పదకొండవుతుంది. అమ్మ ఇడ్లీ పిండి రుబ్బి, పాకెట్లు కట్టి ఇళ్ళకూ చిన్న కొట్లకూ వేస్తుంది. తెల్లవారి అయిదు గంటలకు బయలుదేరి కెల్లీస్, డవ్‌టన్, వేపేరి, చూలై చుట్టుకుని ఏడున్నరకు తిరిగి వస్తుంది. ఈ పనిలో గడియారమే యజమాని. టిఫిన్ వేళ దాటితే పిండి ఎవరికీ అక్కర్లేదు. ఎండ ఎక్కితే పాకెట్లోనే పులిసిపోతుంది. పులిసిన పిండి ఒకసారి తీసుకున్న ఇల్లు రెండోసారి ఫోన్ చేయదు.

మా తాతయ్య వయసులో ఉన్నప్పుడు నాయుడుపేట పక్క పల్లె నుంచి మద్రాసుకు వచ్చి, పెరంబూరులో బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్ మిల్లులో ఫిట్టర్‌గా చేరారు. అందరూ బిన్నీ మిల్లు అనేది దాన్నే. 1996లో మిల్లు మూతపడేవరకు ఆయన మగ్గాల మధ్యే బతికారు. స్కూటర్ నడపడం ఆయనకు రాదు. యంత్రం మాత్రం ఆయనకు తెలుసు.

అమ్మది గేర్లు లేని స్కూటర్. పదేళ్ళ కిందటిది, కార్బురేటర్ బండి. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బిఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త స్కూటర్లలో కార్బురేటర్ పోయి పెట్రోలు ఇంజెక్షన్ వచ్చింది. అయినా రోడ్డు మీద కార్బురేటర్ బండ్లు ఇంకా చాలా ఉన్నాయి. మీలో చాలామంది ఇళ్ళ ముందు కూడా ఒకటి ఉండే ఉంటుంది.

జబ్బు ఇలా మొదలైంది. ఉదయం బండి బాగానే స్టార్ట్ అయ్యేది. నాలుగు వీధులు తిరిగాక సిగ్నల్ దగ్గర ఆపితే చప్పుడు పైకీ కిందికీ ఊగి, దగ్గు వచ్చిన మనిషిలా రెండుసార్లు కుదిపి, ఆగిపోయేది. యాక్సిలరేటర్ తిప్పి పట్టుకుంటే బతికేది, వదిలితే చచ్చేది. మా వైపు మెట్రో రెండో దశ పనుల కోసం రోడ్డు సగం మూసి ఉంది. డవ్‌టన్ దాటేలోపు నాలుగైదుసార్లు ఆగాలి. ఆగిన ప్రతిసారీ అమ్మ సెల్ఫ్ నొక్కాలి. సెల్ఫ్ నొక్కి నొక్కి బ్యాటరీ దిగిపోయింది. అప్పటినుంచి బండి దిగి, సెంటర్ స్టాండ్ వేసి, కిక్ కొట్టాలి. ముందు ఇరవై కిలోల పిండి, వెనక బస్సు హారన్. ఒకరోజు ఎనిమిదింబావుకు ఇంటికి వచ్చి పదకొండు పాకెట్లు బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా కూర్చుంది. ఆ రోజు మేము మూడు పూటలా ఇడ్లీలే తిన్నాం.

మొదట అమ్మ దారిలో ఉన్న ఒక మెకానిక్‌కు చూపించింది. ఆయన రెండు నిమిషాల్లో ఒక స్క్రూ తిప్పి, ప్లగ్ కూడా కొత్తది వేసి పంపారు. బండి ఆగడం మానేసింది. కానీ ఇంకో గొడవ వచ్చింది. గేర్లు లేని స్కూటర్లో క్లచ్ మన చేతిలో ఉండదు. ఇంజిన్ చుట్లు పెరిగినకొద్దీ క్లచ్ షూలు విచ్చుకుని చక్రాన్ని పట్టుకుంటాయి. అందుకే యాక్సిలరేటర్ ఇస్తే బండి కదులుతుంది, వదిలితే చక్రం విడిపోతుంది. స్క్రూ తిప్పి స్లోని బాగా పెంచేసరికి, యాక్సిలరేటర్ ఇవ్వకపోయినా షూలు పట్టుకోవడం మొదలుపెట్టాయి. బ్రేకు వదిలితే చాలు, బండి దానంతట అదే ముందుకు పోతోంది. స్కూలు పిల్లలు రోడ్డు దాటుతున్నప్పుడు అమ్మ రెండు బ్రేకులూ బిగించి పట్టుకుని నిలబడేది. సాయంత్రానికి చేతులు నొప్పి. పెట్రోలు కూడా ఎక్కువ తాగింది.

అమ్మ ఆ స్క్రూని మళ్ళీ వెనక్కి తిప్పించి, ఇంకో చోట చూపించింది. అక్కడివాళ్ళు చప్పుడు విని, "బోర్ పోయింది, పిస్టన్, రింగులు అన్నీ మార్చాలి" అన్నారు. ఏడున్నర వేలు అవుతుందట. మూడు రోజులు బండి వదిలేసి పోవాలట. ఏడున్నర వేలంటే అమ్మకు నెల మొత్తం మిగిలే డబ్బు. ఆ రాత్రి అమ్మ "చీటీ ఎత్తేస్తాను" అని నాన్నతో చెప్పడం విన్నాను. ఆ చీటీ నా ప్లస్ వన్ ఖర్చుల కోసం కడుతున్నది.

అప్పటిదాకా మంచం మీద నుంచి అన్నీ వింటున్న తాతయ్య పొద్దున్నే నన్ను పిలిచారు. "అమ్మీ, జొరం ఎప్పుడొస్తా ఉందో అడక్కుండా మందు రాసే డాక్టరు దగ్గరికి పోతావా? ఒక నోటుబుక్కు తీసుకో" అన్నారు.

మిల్లులో మగ్గం ఆగిపోతే తాతయ్య ముందు పానా తీసేవారు కాదట. మగ్గం నడిపే మనిషిని మూడు ప్రశ్నలు అడిగేవారట. ఎప్పుడు ఆగింది? ఆగే ముందు ఎట్లా ఉండింది? నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది? ఈ మూడింటికీ జవాబు వచ్చాకే చెయ్యి పెట్టేవారట. ఆయన చెప్పిన ఇంకో నియమం: ఒకసారికి ఒక్కటే మార్చాలి. మార్చినదానివల్ల గుణం కనిపించకపోతే దాన్ని ఎట్లా ఉన్నదో అట్లా పెట్టేసి, తరువాతి దానికి పోవాలి. మొదటి మెకానిక్ స్క్రూ, ప్లగ్ రెండూ ఒకేసారి మార్చారు. దాంతో ఏ మార్పు ఏం చేసిందో ఎవరికీ తెలియకుండా పోయింది.

నాలుగు రోజులు నేను అమ్మ చెప్పినవన్నీ నోటుబుక్కులో రాశాను. బండి ఎక్కడ ఆగింది, బయలుదేరి ఎన్ని నిమిషాలైంది, హెడ్‌లైటు వేసి ఉందా, పెట్రోలు ఎంత ఉంది, చోక్ లాగి ఉందా, ఇలా అయిదు గడులు గీశాను. మొదటి రెండు రోజులు చూస్తే బండి వేడెక్కాక ఆగుతోందని అనిపించింది. మూడో రోజు గడులన్నీ కలిపి చదివితే ఇంకో సంగతి బయటపడింది. పొద్దున చలి ఇంజిన్ కోసం అమ్మ చోక్ లాగి స్టార్ట్ చేస్తుంది. రెండు మూడు వీధులు దాటాక చోక్ మూసేస్తుంది. బండి మొదటిసారి ఆగేది ప్రతిరోజూ చోక్ మూసిన తరువాతే. అంటే అసలు తేడా వేడిలో ఉందా, చోక్‌లో ఉందా?

నాలుగో రోజు అమ్మ ఇంటికి రాగానే, బండి బాగా వేడిగా ఉన్నప్పుడు, తాతయ్య చోక్ సగం లాగమన్నారు. యాక్సిలరేటర్ వదిలేశాం. బండి నిలబడింది. కొంచెం బరువుగానే మోగింది కానీ ఆగలేదు. చోక్ మూశాం. పది లెక్కపెట్టేలోపు ఆగిపోయింది. మళ్ళీ లాగాం, నిలబడింది. మూడుసార్లు అదే జవాబు. వేడి నిర్దోషి అని తేలింది.

ఇక్కడ మా సైన్సు పుస్తకం పనికొచ్చింది. పెట్రోలు ఇంజిన్ నాలుగు దశల్లో పనిచేస్తుంది: పీల్చుకోవడం, నొక్కడం, మండడం, వదలడం. ఈ నాలుగూ జరగడానికి రెండు చుట్లు పడతాయి. స్లోలో ఇంజిన్ నిమిషానికి 1500 చుట్లు తిరుగుతోందనుకుంటే, 750 సార్లు మండుతుంది. అంటే సెకనుకు పన్నెండుసార్లు. అంత తక్కువ పెట్రోలుతో, తన భాగాల రాపిడిని తానే గెలుచుకుంటూ తిరగాలి. ఒకటి రెండుసార్లు సరిగ్గా మండకపోయినా ఆగిపోతుంది. వేగంగా పోతున్నప్పుడు ఆ ఊపులో లోపాలన్నీ దాగిపోతాయి. నిలబడినప్పుడు బయటపడతాయి.

పెట్రోలు మండాలంటే గాలి కావాలి. ఒక గ్రాము పెట్రోలుకు సుమారు 14.7 గ్రాముల గాలి. లెక్క వేసి చూస్తే ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండడానికి దాదాపు 9,000 లీటర్ల గాలి పడుతుంది. ఈ పాళ్ళు కలిపి పంపేదే కార్బురేటర్. చోక్ లాగితే ఆ మిశ్రమంలో పెట్రోలు పాలు పెరుగుతుంది. చోక్ లాగినప్పుడే మా బండి నిలబడుతోందంటే, చోక్ లేనప్పుడు దానికి పెట్రోలు చాలడం లేదు, లేదా గాలి ఎక్కువైపోతోంది అని అర్థం.

ప్లగ్ కూడా అదే సాక్ష్యం చెప్పింది. ఇంజిన్ చల్లారాక తాతయ్య ప్లగ్ విప్పి చూపించారు. మిశ్రమం సరిగ్గా ఉంటే ప్లగ్ కొన కాఫీపొడి రంగులో ఉంటుంది. పెట్రోలు ఎక్కువైతే నల్లగా మసి పడుతుంది. గాలి ఎక్కువైతే తెల్లగా పాలిపోతుంది. మా ప్లగ్ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

మరి బోర్ మాట? దాన్నీ ఊరికే వదిలేయలేదు. బోర్, రింగులు అరిగిపోతే ఇంజిన్ ఆయిల్ పైకెక్కి పెట్రోలుతో కలిసి మండుతుంది. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది, ఆయిల్ తగ్గిపోతూ ఉంటుంది. ఒక తెల్ల గుడ్డను సైలెన్సర్ వెనక కాసేపు పట్టుకుంటే జిడ్డు మరకలు పడతాయి. మా బండికి పొగ లేదు. ఆయిల్ పుల్ల తీసి చూస్తే మట్టం తగ్గలేదు. గుడ్డ మీద కొంచెం తేమ తప్ప జిడ్డు లేదు. స్విచ్ ఆపి చేత్తో కిక్ నొక్కితే కాలికి తగిలినట్టే గట్టిగా ఎదురు నొక్కింది. లోపల ఒత్తిడి బాగుందని దానర్థం. "దీనికి ఏడున్నర వేలా!" అని తాతయ్య నవ్వారు. అమ్మ ముఖంలో ఆ వారంలో మొదటిసారి నవ్వు చూశాను.

ఇక మిగిలినవి రెండు అనుమానాలు. ఒకటి, స్లోకి పెట్రోలు పంపే సన్నని దారి మూసుకుపోయి ఉండాలి. రెండు, ఎక్కడో గాలి దొంగదారిన లోపలికి పోతూ ఉండాలి.

మొదటిదాని కోసం మా సందు చివర ఉన్న మెకానిక్ అన్న దగ్గరికి వెళ్ళాం. ఆయన తాతయ్యను "అయ్యా" అని పిలుస్తారు. నోటుబుక్కులో రాసింది నేను తమిళంలో చెప్తుంటే చేతులు తుడుచుకుని శ్రద్ధగా విన్నారు. కార్బురేటర్ అడుగు గిన్నెలోని పెట్రోలును ముందు ఒక గాజు సీసాలోకి దించారు. వానల్లో ట్యాంకులోకి నీళ్ళు పోయి ఉంటే సీసా అడుగున వేరే పొరగా తేరుకుంటాయి. ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు, అది నీటిని పీల్చుకుంటుంది కాబట్టి వానాకాలం తరువాత ఇది చూసుకోవడం మంచిదట. మా సీసాలో నీళ్ళు లేవు. తరువాత స్లో జెట్ విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టి నన్ను చూడమన్నారు. అర మిల్లీమీటరు కూడా లేని రంధ్రం. దాన్ని తీగతో పొడవకూడదు, పొడిస్తే రంధ్రం పెద్దదై పాళ్ళు శాశ్వతంగా చెడిపోతాయి. గాలి ఊదే శుభ్రం చేయాలి. ఊదారు, బిగించారు. స్టార్ట్ చేస్తే అదే చప్పుడు, అదే దగ్గు. మొదటి అనుమానం కొట్టేశాను.

ఇక రెండోది. ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పాలి. స్లోలో ఉన్నప్పుడు కార్బురేటర్ తలుపు దాదాపు మూసి ఉంటుంది. ఇంజిన్ మాత్రం పీలుస్తూనే ఉంటుంది. అందువల్ల కార్బురేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య గొట్టంలో గాలి ఒత్తిడి బాగా తగ్గిపోతుంది. ఆ భాగంలో ఎక్కడ చిన్న చీలిక ఉన్నా బయటి గాలి లోపలికి దూరుతుంది. చీలిన స్ట్రాతో కొబ్బరినీళ్ళు తాగితే నోటికి నీళ్ళకు బదులు గాలి వచ్చినట్టే. బండి వేగంగా పోతున్నప్పుడు తలుపు తెరుచుకుని బోలెడంత గాలి మామూలు దారినే వస్తుంది, ఈ దొంగగాలి అందులో కలిసిపోతుంది. అమ్మకు ఇది చెప్తే వెంటనే తన భాషలో అనేసింది: "ఒక గరిటె నీళ్ళు చిన్న గిన్నెడు పిండిలో పోస్తే జావైపోతుంది. గ్రైండర్ నిండా ఉన్న పిండిలో పోస్తే తెలియను కూడా తెలియదు. అంతేనా?" అంతే. ఏ పుస్తకమూ నాకు ఇంత సులువుగా చెప్పలేదు.

మెకానిక్ అన్న బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి, చోక్ సగం లాగి నడిపారు. చిన్న బ్రష్షును నీళ్ళలో ముంచి, కార్బురేటర్ వెనక రబ్బరు అతుకు చుట్టూ మెల్లగా తడిపారు. చీలిక ఉంటే నీటిబొట్టు కాసేపు దాన్ని మూసేస్తుంది, చప్పుడు మారుతుంది. కొందరు ఇదే పని పెట్రోలుతో చేస్తారట. వేడి ఇంజిన్ మీద పెట్రోలు చల్లడం నిప్పుతో ఆట కాబట్టి ఆయన ఎప్పుడూ నీళ్ళే వాడతారు. రబ్బరు అతుకు దగ్గర చప్పుడు మారలేదు. తరువాత ఇన్‌టేక్ గొట్టం నుంచి పెట్రోలు కాక్‌కు పోయే సన్నని ట్యూబ్ దగ్గరికి వచ్చారు. గేర్లు లేని చాలా స్కూటర్లలో పెట్రోలు కాక్‌ను ఇంజిన్ పీల్పే తెరుస్తుంది. ఆ పీల్పును కాక్ దాకా తీసుకుపోయేది ఈ ట్యూబే. ట్యూబ్ కొన మీద నీటిబొట్టు పడగానే ఇంజిన్ చప్పుడు ఒక్కసారి సర్దుకుంది. బొట్టు లోపలికి పోగానే మళ్ళీ ఊగింది. ఆయన నా వైపు చూసి "కేట్టియా?" అన్నారు. విన్నావా అని. విన్నాను.

ఇంజిన్ ఆపి ట్యూబ్ ఊడదీశారు. పైకి ఏమీ లేదు. వేళ్ళతో వంచితే కొన దగ్గర గోటి పొడవున ఒక చీలిక నోరు తెరిచింది. ఏళ్ళ తరబడి ఇంజిన్ వేడికి రబ్బరు గట్టిపడి చిట్లింది. కోసిన కొన మళ్ళీ చిట్లుతుందని, కొత్తది తెమ్మన్నారు. మధ్యాహ్నం నేనూ అమ్మా బస్సెక్కి మౌంట్ రోడ్డు పక్కన జి.పి. రోడ్డుకు వెళ్ళాం. పాత సామాన్ల కోసం అందరూ ఎగ్మూరు పక్కన పుదుపేటకు పోతారు కానీ, రబ్బరు మాత్రం పాతది కొనకూడదని తాతయ్య గట్టిగా చెప్పారు. కొత్త ట్యూబ్, రెండు క్లిప్పులు కలిపి డెబ్బై రూపాయలు. మెకానిక్ అన్న పనికి మూడు వందలు తీసుకున్నారు. ఏడున్నర వేలు ఎక్కడ, మూడు వందల డెబ్బై ఎక్కడ!

ట్యూబ్ వేశాక కూడా పని అయిపోలేదు. ఇన్నాళ్ళూ జబ్బును కప్పిపుచ్చడానికి తిప్పిన స్క్రూలన్నీ సరిచేయాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక, మిశ్రమం స్క్రూని కొంచెం కొంచెంగా తిప్పుతూ చుట్లు ఎక్కడ ఎక్కువగా, నిలకడగా ఉంటాయో అక్కడ ఆపారు. తరువాత స్లో స్క్రూ తగ్గించి, వెనక చక్రం తిరగకుండా ఉండేచోట నిలబెట్టారు. హెడ్‌లైటు వేసి చూశారు, హ్యాండిల్ రెండువైపులా తిప్పి చూశారు. బండి టక్ టక్‌మని ఒకే తాళంలో నిలబడింది. మరుసటి రోజు అమ్మ ఏడూ ఇరవైకి ఇంటికి వచ్చింది. సంచిలో ఒక్క పాకెట్ మిగల్లేదు. చీటీ ఎత్తలేదు.

ఈ సంగతులన్నీ మా తెలుగు టీచరుగారితో చెప్పినప్పుడు ఆవిడ జి.డి. నాయుడుగారి గురించి చెప్పారు. గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే ఊళ్ళో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. బడి చదువు ఆయనకు పెద్దగా ఒంటలేదు. యువకుడిగా ఒక ఆంగ్లేయ అధికారి దగ్గర రడ్జ్ మోటారుసైకిల్ చూసి, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి దాన్ని కొన్నారు. దాన్ని పూర్తిగా విప్పి, మళ్ళీ బిగించి, ఇంజిన్ అంటే ఏమిటో నేర్చుకున్నారు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక బస్సుతో మొదలుపెట్టి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థను నిర్మించారు. 1937లో మన దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుతో కూడా ఆయన పేరు ముడిపడి ఉంది. తమిళనాడులో పుట్టి పెరిగిన తెలుగువారికి యంత్రాలు కొత్తేమీ కాదని తెలిసి నాకు చాలా సంతోషం వేసింది. బిన్నీ మిల్లు పోయినా, అక్కడ మా తాతయ్యలాంటివాళ్ళు సంపాదించిన తెలివి ఇళ్ళల్లో ఇంకా మిగిలే ఉంది. మనం అడగాలి అంతే.

ఇంకొక మాట. ఈ వ్యాసం తెలుగులో రాయడానికి నేను చాలా తంటాలు పడ్డాను. మెకానిక్ అన్న తమిళంలో చెప్పారు, తాతయ్య నెల్లూరు తెలుగులో చెప్పారు, ఇంజిన్ భాగాల పేర్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. జెట్టును జెట్టనే రాశాను, ట్యూబును ట్యూబనే రాశాను. కానీ అది ఎందుకు చెడిందో, ఎలా కనిపెట్టామో చెప్పడానికి మన భాష ఎక్కడా తక్కువ కాలేదు. తెలుగు మీడియంలో చదివితే ఏం పనికొస్తుందని మా బంధువులు కొందరు అడుగుతుంటారు. సైన్సు పాఠం నాకు తెలుగులో అర్థమైంది కాబట్టే, చోక్ లాగితే బండి ఎందుకు నిలబడుతుందో మా అమ్మకు వంటింట్లో నిలబడి చెప్పగలిగాను.

తోటి విద్యార్థులకు నేను చెప్పేది ఇది. మీ ఇంట్లో బండి స్లో నిలవకపోతే వెంటనే స్క్రూ తిప్పించకండి. ముందు నాలుగు రోజులు రాసిపెట్టండి. చోక్ లాగినప్పుడు బాగుందా, ముదిరిందా చూడండి. బాగుంటే గాలి ఎక్కువ, ముదిరితే పెట్రోలు ఎక్కువ లేదా ఎయిర్ ఫిల్టర్ మురికి. కాసేపు నడిచాక ఆగి, ట్యాంకు మూత తెరవగానే బాగైతే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయి ఉంటుంది. పొగ రంగు చూడండి, ఆయిల్ మట్టం చూడండి. పెద్ద ఖర్చు చెప్తే, "అది పోయిందని ఎలా తెలిసింది?" అని మర్యాదగా అడగండి. మంచి మెకానిక్ ఆ ప్రశ్నకు కోపగించుకోరు, చూపిస్తారు. కొత్త ఇంజెక్షన్ బండి అయితే మీటర్లో వెలిగే హెచ్చరిక దీపాన్ని కూడా రాసిపెట్టండి.

జాగ్రత్తలు కూడా ముఖ్యం. మూసిన గదిలో ఇంజిన్ నడపకూడదు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, ప్రాణం తీస్తుంది. సెంటర్ స్టాండ్ మీద నడుస్తున్నప్పుడు వెనక చక్రం దగ్గరికి చున్నీ, జడ, వేళ్ళు పోకూడదు. పెట్రోలు విప్పే పని పెద్దవాళ్ళే చేయాలి. మన పని చూడడం, వినడం, రాయడం. అది తక్కువ పని కాదు.

ఆ నోటుబుక్కు ఇప్పటికీ మా వంటింటి అలమారులోనే ఉంది. స్కూటర్ పేజీలు అయిపోయాయి. పోయిన వారం అమ్మ గ్రైండర్ రాయి సగంలో ఆగుతోందని చెప్పింది. తాతయ్య ఏమీ అనకముందే నేను కొత్త పేజీ తీసి అయిదు గడులు గీశాను.